లెక్క మానేసిన శేషగిరి మాస్టారు

ఊపిరినిచ్చి, ఇచ్చిన ఊపిరిని తన సమయానికి తిరిగి పుచ్చుకొనే దేవాది దేవునికి మొదట స్తోత్రం. ఆయన చిత్తం లేనిదే ఏ పట్టూ నిలవదు, ఏ పట్టూ వీడదు.

మా జూడో మాస్టారు శేషగిరిరావు గారు గత గురువారం ఉదయం విజయవాడలో కన్నుమూశారు. అంతిమ ఘడియలో నేను పక్కనే ఉన్నాను. అయినా ఆ సాయంత్రం భవానీపురంలో మా శిక్షణ హాలు తాళం తీసి, అలవాటుగా ఆయన కోసం మెట్ల వైపు చూశాను.

మాస్టారిది కంకిపాడు దగ్గర వ్యవసాయ కుటుంబం. బియ్యం గోడౌను పైనున్న హాలులో కొబ్బరిపీచు పరుపులు పరిచి, వాటిపై టార్పాలిన్ బిగించి, తొంభైల మొదట్లో శిక్షణ ప్రారంభించారు. నేను శిష్యునిగా చేరి, క్రమంగా సహాయకుణ్ణయ్యాను. ఆయన ఏకాదశి తప్పని వైష్ణవులు, నేను చర్చిలో సంఘ పెద్దను. ఆ భేదం మా మధ్య హాస్యానికే పనికొచ్చింది. దైవదూతతో తెల్లవారేదాకా పెనుగులాడి, దీవిస్తే తప్ప వదలనన్న మా బైబిలు పితరుడి కథ ఒకసారి చెప్పాను.

"తెల్లవారేదాకానా? రిఫరీ ఎవరయ్యా, అంతసేపు ఆపకుండా?" అన్నారు.

"ఆ దూతేనండి."

"అయితే నేలపట్టు తెలిసినోడే."

ప్రత్యర్థిని వెల్లకిలా నేలకు అదిమి ఇరవై ఐదు సెకన్లు నిలిపితే ఆ రోజుల్లో జూడోలో విజయం. కళ్ళంలో ధాన్యం కొలిచేవారు ఒకటి అనరు, 'లాభం' అని మొదలుపెట్టి రెండు, మూడు అంటారు. మాస్టారు పట్టుకూ అదే లెక్క పెట్టారు. ఎవరు ఎవరిని అదిమినా హాలంతా 'లాభం, రెండు, మూడు' అని గొంతు కలిపేది. పడబోతే గాలిలోనే తిరిగి బోర్లా పడమనీ, మెడ దాచుకొని తాబేలులా ముడుచుకోమనీ నేర్పేవారు. పైనున్నవాడు కాసేపు ఏమీ చేయలేకపోతే రిఫరీ 'మట్టే' అని ఆట ఆపి ఇద్దరినీ నిలబెడతాడు. ఆ మాట కోసం ఎదురుచూడటమే మా నేలవిద్యలో సగం. "పట్టు నేల నేర్పదర్రా, రిఫరీ నేర్పుతాడు" అనేవారు మాస్టారు.

మైలవరం నుంచి రోజూ బస్సులో వచ్చే నాగమణికి రాష్ట్ర పోటీలో స్వర్ణం వస్తే క్రీడాకారుల కోటాలో పోలీసు ఉద్యోగానికి అవకాశముండేది. ఫైనల్లో ప్రత్యర్థిని చక్కగా అదిమింది. మనసులో 'లాభం' మొదలుపెట్టింది. ఆత్రంలో ఆమె లెక్క గడియారం కంటే ముందు నడిచింది. గంట మోగకముందే చేతులు సడలాయి, కిందనున్న అమ్మాయి జారిపోయింది, ఆట చేజారింది. వయోపరిమితి లోపల ఇక ఒక్క ఏడాదే మిగిలింది. అమ్మాయికి తొందరెక్కువని అందరం అనుకున్నాం, మాస్టారూ అనుకున్నారు.

ఆ వేసవిలో శ్రీను వచ్చాడు. బందరు వైపు మత్స్యకారుల అబ్బాయి. అబుదాబిలో ఓడల మరమ్మతు యార్డులో వెల్డరుగా ఉంటూ బ్రెజిలియన్ జుజుత్సు అనే నేలపట్ల కుస్తీ నేర్చుకున్నాడు.

"మాస్టారూ, ఒక పట్టు పడదామా అండి, ఊరికే?"

"ఊరికే ఎవరూ పట్టు పట్టరు నాయనా. రా."

మాస్టారు అతణ్ణి పడవేసి, ఛాతీ మీద అడ్డంగా అదిమారు. హాలు లెక్కపెట్టింది. ఇరవై ఐదు అనగానే వదిలి, బెల్టు సర్దుకుంటూ లేవబోయారు. శ్రీను ఆగలేదు. వెనకనుంచి నడుముకు కాళ్ళు మెలివేసి, మెడకు చేయి చుట్టాడు. మాస్టారు పరుపు మీద చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నారు.

"ఇరవై ఐదు అయిపోయాయి కదయ్యా?" అన్నాను.

"మాకా లెక్క లేదండి. పైచేయి అయితే పాయింట్లిస్తారు గానీ, అదిమినందుకు ఆట ఆగదు. గొంతో చెయ్యో పట్టి ఒప్పించాలి. మీవాళ్ళు బోర్లా పడుకుంటారు చూడండి, మా దగ్గర అది వీపు అప్పగించడమే."

"మీకు మాత్రం లోటు లేదేమిటి?" అన్నారు మాస్టారు, మెడ రుద్దుకుంటూ.

"ఎందుకు లేదండి! మేం హాయిగా వెల్లకిలా పడుకుని కాళ్ళతో ఆడతాం. మీ పోటీలో వీపు గట్టిగా నేలకి తగిలితే అయిపోయినట్టేగా. నేనొస్తే మొదటి విసురుకే బందరు బస్సెక్కాలి."

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. నాగమణి వైపు చూసి నాతో అన్నారు: "వదిలింది నా చెయ్యి కాదు సామ్యేలూ, నా లెక్క. ఆ పిల్లదీ అంతే. నేర్పింది నేనే."

మరునాటినుంచి హాలులో లెక్క వినిపించలేదు. కొందరు కొత్త ఆటకు మారుదామన్నారు. "ఉద్యోగం జూడోకిస్తారమ్మా. రూలు మనది కాదు, చేతులు మనవి" అని నాగమణితో చెప్పి, తాను వచ్చి భుజం తట్టేదాకా పట్టు వదలవద్దని నియమం పెట్టారు. తాబేలులా ముడుచుకున్నవారిని, రిఫరీకి 'మట్టే' అనే సందు ఇవ్వకుండా తిరగవేయడం సాధన చేయించారు. ఒక్కోసారి పట్టు మధ్యలో కిందికి టీకి వెళ్ళిపోయేవారు.

"మాస్టారు లేరక్కా, కాస్త లెగవ్వే, ఊపిరాడట్లేదు" అనేది కింద నలిగే అమ్మాయి.

"మెట్ల మీద నిలబడి చూస్తుంటారే. పడుకో" అనేది నాగమణి.

మరుసటి ఏడు ఫైనల్లో ప్రత్యర్థి పడుతూనే బోర్లా తిరిగి, ముడుచుకొని, 'మట్టే' కోసం చూసింది. నాగమణి చేతులు ఆగలేదు. అమ్మాయిని తిరగవేసి అదిమింది. పక్కన కూర్చున్న నా నోట అలవాటుగా "లాభం" వచ్చింది. మాస్టారు నా నోరు మూశారు. గంట మోగింది. నాగమణి వదలలేదు. రిఫరీ చెప్పినా వినిపించుకోలేదు. చివరికి ఆయన వంగి భుజం తట్టాక లేచింది. ఇప్పుడు ఆమె మన నగరంలోనే పోలీసు ఉద్యోగంలో ఉన్నారు.

ఆసుపత్రిలో చివరి రాత్రి మాస్టారు నా వేళ్ళు పట్టుకొన్నారు. "మీ పితరుడికి ఆఖర్న దీవెన దొరికిందా?" అని అడిగారు.

"దొరికిందండి. కుంటుతూ వెళ్ళాడు, దీవెనతోనే."

"అలాగైతే నష్టం లేదు" అని కళ్ళు మూసుకొన్నారు. ఉదయం దాకా ఆ చేయి నా చేతిలోనే ఉంది. 'లాభం' నాలుక చివరికి వచ్చింది, ఆపుకొన్నాను. నర్సు వచ్చి నా భుజం తట్టాకే వదిలాను.

హాలులో పరుపులున్నాయి, పిల్లలున్నారు. పట్టు పట్టినవారి భుజం తట్టే ఆ చేయి లేదు. దానికి బదులు మరొకటి రాదు.

ఈ నాలుగు మాటలు చదివిన మీరు, ఏ పేరుతో పిలిచే దేవునికైనా సరే, నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఆయనను నీవు పట్టుకో. మేము లెక్కపెట్టము. నీవు తట్టేదాకా మా పట్టు సడలనియ్యకు. ఆమేన్.