ఆఖరి వరసలో సింహాచలం కుర్చీ

విశాఖలో రాత్రి ఎక్కిన విమానం ఆదివారం చీకటి విడవక ముందే సింగపూరులో దింపింది. సంచిలో రెండు జతల బట్టలు, అల్లం పచ్చడి సీసా, ఒక పాత ఇటాలియన్ సినిమా ఉన్న పెన్‌డ్రైవ్. ఈ మూడో వస్తువు కోసమే నా ప్రయాణం. కాకినాడలో ముప్పై ఏళ్ళు ఫిల్మ్ క్లబ్బు నడిపాను. యుద్ధం అయ్యాక ఇటలీలో స్టూడియోలు వదిలేసి వీధుల్లో, నటులు కానివాళ్ళతో తీసిన సినిమాలంటే నాకు పిచ్చి. వాటిలో రొట్టెముక్క కనిపిస్తే ప్రసాదమనీ, రెండు కర్రలు అడ్డంగా కనిపిస్తే సిలువ అనీ గంటసేపు చెప్పగలను. అడగకపోయినా చెబుతాను.

నన్ను పిలిచింది పద్మ. మలేషియాలో పుట్టిన తెలుగమ్మాయి, పాయా లేబర్‌లో ఆఫీసు ఉద్యోగం. ఆదివారాలు బూన్ లే దగ్గర కార్మికుల డార్మిటరీలో మనవాళ్ళకు సినిమాలు వేస్తుంటుంది. నా బస పద్మ వాళ్ళ ఫ్లాట్‌లోనే.

తొమ్మిది గంటలకు కింద తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్‌కు తీసుకెళ్ళింది. ఒక బల్ల ఖాళీగా కనిపిస్తే కూర్చోబోయాను. దానిమీద చిన్న టిష్యూ పేకెట్ ఒకటి ఉంది.

"అక్కడ వద్దు అంకుల్. టిష్యూ పెడితే చోప్ చేసినట్టు, ఆ సీటు వాళ్ళదే. వాళ్ళు మాకాన్, అదే తిండి, తెచ్చుకోవడానికి వెళ్ళుంటారు."

"ఎవరూ తీసెయ్యరా?"

"చీ, ఎవరు తీస్తారు?" అంది పద్మ.

పాయా లేబర్ నుంచి బూన్ లేకి పచ్చ గీత రైలు. మారనక్కర్లేదు, దాదాపు ముప్పావు గంట పడుతుంది. దిగే ముందే వాన మొదలైంది. అక్కడినుంచి బస్సులో పావుగంట. మధ్యాహ్నం రెండున్నరకు డార్మిటరీ హాలుకు చేరేసరికి యాభై మంది దాకా కూర్చుని ఉన్నారు. కిటికీలకు నల్ల ప్లాస్టిక్ అతికించారు. అందరూ మాట్లాడుతూనే ఉన్నారు గానీ గొంతులు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు. లోపలి గదిలో రోగి ఉన్న ఇంట్లో అలా మాట్లాడతారు. పద్మను అడిగాను. తనకూ తెలియదంది.

మూడు గంటలకు నేను కథ చెప్పాను. బాంబులు పడిన ఊరు. పని దొరకని ఒక మనిషికి ఒక్కరోజు పని దొరుకుతుంది. అద్దాలు బిగించిన కిటికీని వీపున మోసి, ఊరవతల కొండమీది ఇంటికి చేర్చాలి. అద్దం పగిలితే కూలి లేదు. అంతే కథ.

దీపాలు ఆర్పేశాక కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ వెనక్కి నడిచాను. ఆఖరి వరసలో ఒకే ఒక కుర్చీ ఖాళీ. దానిమీద టిష్యూ పేకెట్ ఉంది. పొద్దున విన్నది గుర్తొచ్చి రెండు నిమిషాలు పక్కన నిలబడ్డాను. ఎవరూ రాలేదు. సినిమా మొదలైంది కదా, ఇంకెవరొస్తారనుకుని పేకెట్ తీసి జేబులో వేసుకుని కూర్చున్నాను. కుర్చీ తాలూకు మనిషి వస్తే ఇచ్చేద్దామనే అనుకున్నాను.

ఆ సినిమా నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. ఆ రోజు మాత్రం మనసు తెరమీద నిలవలేదు. నా వెనక ఎవరో నిలబడ్డారు. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి బరువు ఆనించినట్టు కుర్చీ కొంచెం వెనక్కి వంగింది. ఆస్పత్రి వరండాలో వచ్చే డెట్టాల్ వాసన వచ్చింది. తిరిగి చూశాను. తెరమీది వెలుగులో మూరెడు ఖాళీ జాగా, దాని వెనక గోడ. మళ్ళీ తెరవైపు తిరిగాను. కుర్చీ మళ్ళీ వంగింది. ఈసారి తిరిగి చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆ మనిషి కిటికీతో మూడోసారి కిందపడినప్పుడు నా చెవి పక్కన ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

నాలుగున్నరకు దీపాలు వెలిగాయి. బతుకుజీవుడా అని ముందుకొచ్చి ఉపన్యాసం మొదలుపెట్టాను. కిటికీ చట్రం సిలువ అన్నాను. క్రీస్తు సిలువ మోస్తూ మూడుసార్లు పడ్డట్టే ఇతనూ పడ్డాడన్నాను. దారిలో చేతిరుమాలుతో అతని మొహం తుడిచిన ఆవిడ కూడా ఆ సిలువ కథలోంచి వచ్చిందేనన్నాను. పేదవాణ్ణి దేవుడి పక్కన నిలబెట్టడం ఆ సినిమాల గొప్పదనమని ముగించాను.

రెండో వరసలోంచి ఒకాయన లేచాడు. పేరు అప్పలరాజు, శ్రీకాకుళం వైపు మనిషి, జురాంగ్ ఐలాండ్‌లో పైపుల పని.

"మేస్టారూ, మీరు మూడుసార్లు పడ్డాడని నెక్కెట్టినారు. పడ్డప్పుడల్లా ఆడేటి సేసినాడో సూసినారా? పక్కకి తిరిగి భుజమ్మీద పడ్డాడు. మోకాలు సెక్కుకుపోనాది గానీ అద్దం పగలనేదు. ఆడెవడో గానీ నిజంగా బరువు మోసినోడే."

ముప్పై ఏళ్ళలో నేను ఆ భుజం చూడలేదు. సిగ్గేసింది.

"మా సింగాచలం కూడా అలగే పడ్డాడండి," అన్నాడు అప్పలరాజు. "నిచ్చెన మీంచి జారినాడు. సేతిలో పైపుంది. ఒదిలేసుంటే రాడ్డు పట్టుకోవచ్చును. కింద మేమిద్దరం ఉన్నామని ఒదల్నేదు. ఎనిమిది రోజులైనాది, ఆస్పత్రిలో తెలివి రానేదు."

వాళ్ళ గొంతులు ఎందుకు తగ్గి ఉన్నాయో అప్పుడు తెలిసింది.

"మంచం, కేంటీన్లో బల్ల, పొద్దున్న లారీలో చోటు, అన్నీ ఆడికి ఉంచుతున్నామండి. టిసూ పెట్టేస్తాం. ఎవులూ కూకోరు. చోటుంటే మనిషొస్తాడు గదా." ఆఖరి వరసకేసి చూశాడు. "ఆ కుర్చీ కూడా ఆడిదే. మీద పేకిట్టు ఏటైనాదండి?"

నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. పేకెట్ తీసి ఇచ్చాను. "ఎవరూ రారనుకున్నాను," అన్నాను. అనకూడని మాట అనేశానని నోరు మూశాక అర్థమైంది.

అప్పలరాజు మొహం పాలిపోయింది. "తెలీక తీసినారు. ఫర్నేదండి," అన్నాడు. నావైపు చూడలేదు. పేకెట్‌ను తీసుకెళ్ళి కుర్చీ మధ్యలో సరిగ్గా పెట్టాడు. నా వెనక నిలబడినవాళ్ళ సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేదు. అడిగితే వచ్చే జవాబంటే భయమేసింది.

సోమవారం చూడాల్సినవేమీ చూడలేదు. పద్మ ఆఫీసుకు సెలవు పెట్టి తోటల దగ్గరికి తీసుకెళతానంది, వద్దన్నాను. సింహాచలం పోతే నేను కూర్చున్నందుకే పోయాడని ఆ యాభై మందీ అనుకుంటారు. నేనూ అనుకుంటాను. ఇన్నాళ్ళు గుర్తులూ సంకేతాలూ అని ఊదరగొట్టినవాణ్ణి, ఒక చిన్న పేకెట్ గుర్తేమిటో తెలుసుకోలేకపోయాను.

సాయంత్రం ఆరింటికి విమానాశ్రయంలో ఉండగా పద్మ ఫోన్ మోగింది. అప్పలరాజు. ఆమె స్పీకర్ నొక్కింది.

"మేస్టారికి సెప్పండమ్మా. సింగాచలానికి తెలివొచ్చినాది. ఇప్పుడే మాటాడినాడు."

పద్మ కళ్ళు తుడుచుకుంది. నేను గోడకు చేరబడ్డాను.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"నేనింకా ఆడికి ఏటీ సెప్పనేదండి. మీరొచ్చినట్టు గానీ, బొమ్మేసినట్టు గానీ. ఆడే అడిగినాడు. 'కిటికీ మోసినోడు కొండెక్కినాడు గానీ, నా కుర్చీలో కూకున్న కళ్ళజోడు ముసలాయన ఎవుల్రా? పెద్దోణ్ణి లెగమన్లేక నిలబడే సూసినాను' అన్నాడండి."

కళ్ళజోడు సర్దుకున్నాను.

విమానం సమయానికే బయలుదేరింది. అటు వెళ్ళేవాళ్ళకు చెప్పేది ఒక్కటే. రైళ్ళు బాగుంటాయి, తిండికి లోటు లేదు, దారి అడిగితే చెబుతారు, టిష్యూ పేకెట్ ఉన్న చోట మాత్రం కూర్చోకండి. నా పక్క సీటు ఖాళీ. ఎక్కగానే అలవాటుకొద్దీ అందులో సంచి పెట్టాను. తలుపులు మూసి దీపాలు తగ్గించాక, ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని ఆ సంచిని తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. విశాఖలో దిగేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.