ఎనిమిది గొర్రెల నెత్తురులో చక్కెర

గొర్రె ముక్కుపుటాలు ఒక్క క్షణం చేత్తో మూసిపెడితే అది కంగారుపడి మూత్రం పోస్తుంది. ఈ సంగతి నాకు నేర్పింది ఉదయగిరి కొండ కింద ఒక గొర్రెల కాపరి. తొంభైలలో పశువైద్యంలో పీజీ చేస్తూ పరిశోధన కోసం నేను ఆ వైపు తిరిగేవాణ్ణి. మొదటిరోజు సీసా పట్టుకుని గొర్రెల వెంట అరగంట నడిచిన నన్ను చూసి అతను పగలబడి నవ్వాడు.

"ఏంది సారూ, ఎప్పుడు పోస్తాదా అని దాని ఎనకాల్నే తిరగతా ఉండారే! ఇట్ట ముక్కు మూయండి. చూడండి, కాలవే!"

ఆ మనిషి మీద నా వల్ల ఒక నింద పడింది. అది తప్పని నాకు వారంలోపే తెలిసింది. చెప్పడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది.

మేసిన మేత ఒంట్లో అరిగి, విరిగి, చిన్న చిన్న పదార్థాలుగా మారుతుంది. వాటిని మెటబొలైట్లు అంటారు. నెత్తురులో చక్కెర ఎంత, యూరియా ఎంత, మూత్రంలో కీటోన్లు ఉన్నాయా అని అన్నీ కలిపి చూస్తే ఆ జీవం ఎలా బతుకుతోందో తెలుస్తుంది. వేసవిలో కవల పిల్లల్ని మోసే చూడి గొర్రెకు మేత చాలకపోతే దాని ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు పేరుకుంటాయి. నా పని ఆ గొర్రెల మీదే.

ఆత్మకూరులో తెల్లారి మొదటి బస్సు ఎక్కేవాణ్ణి. ఒళ్ళో ఐసుముక్కలు నింపిన ఫ్లాస్కు. ఉదయగిరి దగ్గరయ్యేసరికి కొండ మీద ఎండ పడి కోటగోడలు ఎర్రగా కనబడేవి. కాపరి అప్పటికే మంద నిలిపి ఉంచేవాడు. గొర్రెలు ఒక అయ్యోరివి, బళ్ళో పాఠాలు చెప్పే ఆయనవి. మేపేది ఇతను. పుట్టే పిల్లల్లో సగం ఇతనివి.

మూత్రం చుక్క తెల్లటి పొడి మీద వేసి అమ్మోనియా తగిలిస్తే, కీటోన్లు ఉంటే ఊదారంగు వస్తుంది. అతనికి ఆ పొడి అవసరం ఉండేది కాదు. గొర్రె నోటి దగ్గర ముక్కుపెట్టి, "ఇది మాగిన పండు వాసనొస్తా ఉండాది సారూ, రెండు పిల్లలుండాయి దీనికి" అనేవాడు. అలాంటిదానికి బెల్లంనీళ్ళు తాగించి, తుమ్మకాయలు ఏరితెచ్చి విడిగా పెట్టేవాడు. నాలుగు రోజుల తర్వాత పొడి రంగు మారేది కాదు.

నెత్తురు తీసిన గొట్టంలో ఫ్లోరైడ్ పొడి వేయాలి. లేకపోతే గొట్టంలోని నెత్తురు కణాలు బతికున్నంతసేపూ ఆ చక్కెరను తింటూనే ఉంటాయి. ఒకరోజు నా దగ్గర ఆ పొడి అయిపోయింది. ఒక్కరోజుకేమవుతుందిలే అనుకుని వట్టి గొట్టాల్లోనే ఎనిమిది గొర్రెల నెత్తురు పట్టాను. పొద్దున మూత్రాల్లో ఒక్కదానికీ రంగు రాలేదు. "అన్నీ బాగున్నాయి" అని అతనితో చెప్పి బస్సెక్కాను.

ఆత్మకూరులో దిగేసరికి మెస్సు టీవీలో క్రికెట్ నడుస్తోంది. ఫ్లాస్కు బెంచీ కింద పెట్టి కూర్చున్నాను. ఐసు కరిగి నీళ్ళయింది. మ్యాచి అయ్యాక, సాయంత్రం, పశువుల ఆసుపత్రిలో నాకిచ్చిన గదిలో మిషను మీద పరీక్ష చేశాను. ఎనిమిదింటికీ చక్కెర బాగా తక్కువ.

మర్నాడు అయ్యోరు ఆత్మకూరు వచ్చి, "ఏం సార్, మా గొర్రెలు ఎట్టుండాయి?" అని అడిగాడు. నా కాగితం మీద అంకెలున్నాయి. చదువుకున్నవాడిలా కనబడాలని ఉంది. "మేత చాలడం లేదండీ. ఒంట్లో చక్కెర పడిపోయింది" అన్నాను.

నేను మళ్ళీ వెళ్ళేటప్పటికి ఆయన మంద దగ్గరే ఉన్నాడు.

"ఏమిరా, నీడన పొణుకుని మేపినావంటనే? మిషను అబద్ధం చెప్తాదా?"

"మిషను నాతో కొండెక్కినాదా అయ్యోరా? ఎన్నుపూస మింద చెయ్యేసి చూడండి. ఎండిన గొర్రెకి ఎముక చేతికి గుచ్చుకోదా?" అని కాపరి నా వైపు తిరిగాడు. "సారూ, ఆ పొద్దు రంగు రాలేదు, అన్నీ బాగుండాయని మీరే గదా చెప్పినారు! చెప్పండి సారూ."

కీటోన్లు లేకుండా అన్ని చూడి గొర్రెలూ పస్తుండటం కుదరదని నాకు తెలుసు. అప్పుడే గొట్టాల సంగతి బుర్రలో మెదిలింది కూడా. "అది వేరే పరీక్ష, ఇది వేరే పరీక్ష" అన్నాను. అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

ఆ రోజు ఫ్లోరైడ్ వేసి పట్టిన నెత్తురులో చక్కెర ఉండాల్సినంత ఉంది. అదే కొండ, అదే మేత. నాకు ఫలితం తెలిసేసరికే మందను అయ్యోరు ఇంకొకరికి అప్పగించాడు. కాపరి ఆలుబిడ్డలతో మర్రిపాడు వైపు వెళ్ళిపోయాడని విన్నాను. నా థీసిస్‌లోంచి వట్టి గొట్టాల రోజు అంకెలు తీసేసి, నమూనాలు పనికిరానివని ఒక వాక్యం రాశాను. గైడు మెచ్చుకున్నాడు. అయ్యోరికి ఆ వాక్యం చెప్పలేదు.

మరుసటేడు మర్రిపాడు దగ్గర బస్సు ఆగితే, రోడ్డు దాటుతున్న మందలో అతనే. ఎవరి గొర్రెలో, కూలికి మేపుతున్నాడు. నన్ను చూసి కిటికీ దగ్గరికొచ్చాడు.

"సదువైపోయినాదా సారూ? దిగండి, ఒకదాని ముక్కు మూస్తా!"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. దిగలేదు.

పోయిన నెల పాత నోటుబుక్కు బయటపడింది. ఆ తేదీ పేజీలో ఎనిమిది వరసలు, ఎనిమిదింటి ఎదురుగా నా చేతిరాతతో "రంగు లేదు" అని ఉంది. ఆ పేజీ నకలు తీయించి, తప్పు నా గొట్టాలదేనని రాసి, వయసు మళ్ళిన ఆ అయ్యోరికి పంపాను. కాపరి ఎక్కడున్నాడో ఆయనకూ తెలియదట. అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను. ఆ ఎనిమిది గొర్రెలూ ఆ పొద్దున కడుపునిండా మేసి ఉన్నాయి.