లచ్చిమి రాసిన ఆఖరి జవాబు

మొన్న సాయంత్రం మా వీధిలో దోమల మందు పొగ కొడుతుంటే కిటికీలు మూయబోయి, ఆ వాసనకి అలాగే నిలబడిపోయాను. మా చిన్నప్పుడు ఒడిశాలోని రాయగడలో వానలు మొదలయ్యాయంటే మలేరియా రాకుండా ఇంటింటి గోడలకీ మందు చల్లి వెళ్లేవారు. తడిసిన గొంగళ్లు, కుంపటి మీద కాలే జొన్నపొత్తులు, చవితికి అమ్మ కట్టిచ్చిన కుడుములు, అన్నిటికీ ఆ వాసనే అంటుకుని ఉండేది. వానలు వెనకబట్టేసరికి బడి హాజరుపట్టీలో ఒకటో రెండో పేర్లు మేష్టారు పిలవకుండా దాటేసేవారు. ఎందుకని మేం అడిగేవాళ్లం కాదు.

శనివారం మధ్యాహ్నం తెలుగు మేష్టారు బల్లలు ఎదురెదురుగా వేయించి మా చేత వాదన పెట్టించేవారు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడాలన్నదొక్కటే ఆయన నియమం. నాకు ఎదురు ఎప్పుడూ లచ్చిమే. మా కొట్టు పక్కింటి పిల్ల, నా ప్రాణం, వాదనకి దిగితే మాత్రం ఉడుంపట్టు. ఓడిపోయేలా ఉన్నవాళ్లు "జొరమండీ" అని కూర్చుండిపోవడం మా క్లాసులో మామూలే. లచ్చిమి ఏనాడూ ఆ మాట అనలేదు. ఒకసారి నన్ను కడిగిపారేస్తూ ఉండగా మేష్టారు చెయ్యెత్తి ఆమెని ఆపేశారు.

"ఏటమ్మీ, అలాగున్నావు?"

"ఏటీ నేదండి."

"నోరొకటి సెప్తంది, మొకమొకటి సెప్తంది. పద ఆసుపత్రికి."

తన కండువా కప్పి, రిక్షాలో ఆయనే తీసుకెళ్లారు. ఇంకో పూట ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్నారట డాక్టరుగారు.

రెండువేల సంవత్సరం దాటాక నేను విశాఖపట్నంలో చదువుకి చేరాను, లచ్చిమి బంధుగాం దగ్గర ఒక బళ్లో టీచరైంది. మా క్లాసువాళ్లమంతా ఇంటర్నెట్లో గ్రూపు పెట్టుకున్నాం. ఆమె పార్వతీపురం బస్సెక్కి, అక్కడి నెట్ సెంటర్లో కూర్చుని రాసేది. అక్కడి మన తెలుగు పిల్లలకి తెలుగు బడా, ఒడియా బడా అని ఆ వానాకాలం మా ఇద్దరికీ వాదన పట్టుకుంది. అక్కడ మధ్యలో ఆపేవాళ్లు లేరు, గంట కొట్టేవాళ్లు లేరు, ఎంత పదునుగా రాస్తే అంత గొప్ప. నిజం చెప్పొద్దూ, ఎదురుగా ఉంటే అనడానికి నోరురాని మాటలు అక్కడ అనేసేదాన్ని. ఒకరోజు లచ్చిమి, జ్వరంగా ఉంది, తర్వాత రాస్తాను అని ఒక్క ముక్క పెట్టింది. ఏనాడూ ఆ మాట అననిది ఇప్పుడెందుకంటోందని నాకు తట్టనే లేదు. ఓడిపోయేవాళ్లకే జ్వరాలు అని రాసి పడేశాను. మిగతావాళ్లు నవ్వుతూ వంతపాడారు.

మూడోనాడు జవాబు వచ్చింది. ముప్పై వాక్యాలు, ఒక్కదానికీ తిరుగులేదు. నేనూ తగ్గకుండా ఎదురు రాశాను. అది చదవడానికి లచ్చిమి లేదు. జ్వరం మెదడుకి ఎక్కిపోయిందట.

పదోరోజున వాళ్లింటికి వెళితే వాళ్లన్నయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "ఆసుపత్రికి రావే అంటే, ముందు నీకు జవాబు రాసొస్తానని బస్సెక్కేసిందమ్మీ" అన్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇప్పుడు ఆ గ్రూపు లేదు, మేష్టారూ పోయారు, మేం చదివిన బళ్లో తెలుగు క్లాసే తీసేశారట. జవాబు మాత్రం అప్పుడే కాగితం మీద తీయించి దాచుకున్నాను. మొన్న కిటికీ మూసి, మళ్లీ తీసి చదివాను. జ్వరంతో వణికిపోతున్న వేళ్లు కొట్టిన అక్షరాలవి. అచ్చక్షరాలు కదా, ఒక్కటీ వంకరపోలేదు.