సొంత ఇష్టంతో మానేసిన ముప్పై ఒక్కమంది

ఆమె అసలు పేరు జీతాల పట్టీలో ఉంది, ఇంకెక్కడా లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆఫీసు కిటికీ వెనక కూర్చుంటోంది కాబట్టి కాలేజీలో అందరికీ కిటికీ మేడమే. డిగ్రీ అయ్యాక టీచర్లు కావాలనుకునేవాళ్ళు రెండేళ్ళు చదివే కాలేజీ అది. పన్నెండు గదులు, ఒక వరండా, ఎప్పుడూ నీళ్ళు రాని ఒక కుళాయి. చేరేవాళ్ళ దరఖాస్తు అయినా, వెళ్ళేవాళ్ళ సర్టిఫికెట్టు అయినా ఆ కిటికీలోంచి పోవాల్సిందే. ఏ కాగితం లోపలికొచ్చినా ఆమె ముందు ముద్ర కొడుతుంది, రిజిస్టర్లో నంబరు వేస్తుంది, ఆ తర్వాతే తలెత్తి ఇచ్చిన మనిషి మొహం చూస్తుంది.

మెత్తని మనిషేం కాదు. తేదీ వేయకుండా సంతకం పెడితే ప్రిన్సిపాల్ గారి కాగితాన్నైనా వెనక్కి పంపిస్తుంది. ఆయన నవ్వుకుంటూ తేదీ వేసేవాడు. ఆ నవ్వులో కాస్త భయం కూడా ఉండేదని ప్యూను చెబుతాడు.

ఎవరూ అడక్కపోయినా ఆమె చేసే పని ఒకటుంది. కొత్తగా చేరడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ దరఖాస్తు వెనకవైపు తిప్పి, తొమ్మిదో షరతు చదివి వినిపిస్తుంది. కాలేజీకి గుర్తింపు పోయినా సరే, అప్పటికే చేరినవాళ్ళ చదువు మధ్యలో ఆపకూడదు, ఇక్కడే పూర్తి చేయించాలి, లేదా ఇంకో కాలేజీలో సీటు ఇప్పించాలి. ఇదీ ఆ షరతు. పోయిన ఏడాది ఒక బస్సు కండక్టరు కూతురు చేరింది. ముప్పై నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి, ఓ చిన్న బడిలో అరకొర జీతానికి ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. వెంట అత్తగారు కూడా వచ్చింది. పిల్లల్ని రెండేళ్ళపాటు చూసుకోవాల్సింది ఆవిడే కదా.

"మధ్యలో మూసేస్తే మా కోడలి గతేం కానమ్మా?" అని కిటికీలోంచి అడిగింది ఆ అత్తగారు.

కిటికీ మేడమ్ తొమ్మిదో షరతు మీద వేలు పెట్టింది. "మూసినా మీ కోడల్ని వదలడానికి లేదు. నాదీ పూచీ."

నాదీ పూచీ అనేసింది. గుమాస్తా అనాల్సిన మాట కాదది. కానీ అనేసింది, రిజిస్టర్లో నంబరు వేసినంత నమ్మకంగా.

ఏడాది తిరక్కముందే ఆ మాట మెడకు చుట్టుకుంది. నలుగురు లెక్చరర్లు వెళ్ళిపోతే కాలేజీ సొంతదారు, అందరూ కరస్పాండెంటు అనే పెద్దమనిషి, వాళ్ళ స్థానంలో ఒక్కర్నీ తీసుకోలేదు. తనిఖీకి వచ్చిన గుర్తింపు మండలి వాళ్ళు ఖాళీ కుర్చీలు చూసుకుని పోయి ఉత్తరం రాశారు. వచ్చే ఏడాది నుంచి కొత్తవాళ్ళను చేర్చుకోవడానికి వీల్లేదు, ఉన్న ముప్పై ఒక్కమందికీ రెండో ఏడు పూర్తిచేయాలి. కరస్పాండెంటుకు మొదటి సగం పట్టలేదు. రెండో సగమే గొంతులో ముల్లులా దిగింది. సెలవుల్లోపు భవనం ఖాళీ చేసి ఇస్తానని ఆయన అప్పటికే ఓ ఆస్పత్రివాళ్ళకు మాటిచ్చి ఉన్నాడు. ఒక్క స్టూడెంటు మిగిలినా ఇంకో ఏడాది కాలేజీ నడపాలి, లెక్చరర్లను పెట్టాలి. అయితే షరతుల్లో ఒక సందుంది. సొంత ఇష్టంతో మానేసినవాళ్ళకు కాలేజీ బాధ్యత ఉండదు.

ప్రిన్సిపాల్ గారు క్లాసుకు వెళ్ళి, కరస్పాండెంటు చెప్పమన్నది చెప్పారు. గుర్తింపు పోయింది, ఇక్కడ చదివిన డిగ్రీ చిత్తుకాగితంతో సమానం, మానేస్తున్నట్టు ఉత్తరం రాసిస్తే మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మీకిచ్చేస్తాం, లేకపోతే ఎప్పటికొస్తాయో చెప్పలేం. పిల్లలూ సంసారాలూ ఉన్నవాళ్ళు, హడలిపోయారు. మధ్యాహ్నం భోజనాల వేళకు ముప్పై ఒక్క ఉత్తరాలూ ఒక్కసారే కిటికీలో పడ్డాయి. ఆమె అలవాటుకొద్దీ టకటకా ముద్రలు కొట్టి, నంబర్లు వేసి, ఆ తర్వాత పైదాన్ని చదివింది. 'కాలేజీకి గుర్తింపు పోయిందని, మానేయడమే మంచిదని ప్రిన్సిపాల్ గారు చెప్పినందువల్ల మానేస్తున్నాను.' తర్వాతిదీ అంతే. ఆ తర్వాతిదీ. కట్ట పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళితే, "అక్కడ పెట్టమ్మా, నేను చూస్తాను," అన్నాడాయన తలెత్తకుండా.

చూశాడు. అక్కడే కొంప మునిగింది.

ముప్పై ఏళ్ళుగా పాఠ్యప్రణాళికలు దిద్దిన చెయ్యి అది. ముందు కాగితం పెడితే ఆ చేతిలోకి ఎర్రపెన్ను దానంతట అదే వస్తుంది. మర్నాడు కట్ట ఆమె బల్ల మీదికి తిరిగొచ్చింది. ప్రతి ఉత్తరంలోనూ 'కాలేజీకి గుర్తింపు' నుంచి 'చెప్పినందువల్ల' దాకా ఎర్రగీతతో కొట్టేసి, పైన 'కుటుంబ కారణాల వల్ల, నా సొంత ఇష్టంతో' అని రాశాడు. కింద 'చూశాను' అని పొడి సంతకం, తేదీ. తేదీ వేయడం ఆమే నేర్పింది మరి. కండక్టరు కూతురి ఉత్తరం పక్కన అదనంగా 'చేతిరాత బాగుంది' అని కూడా ఉంది. కిటికీ మేడమ్‌కు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయి ఒళ్ళు మండింది.

ఆయన గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించాడు. "వీటిని చూసి మళ్ళీ రాయించమ్మా. ఇవి చించెయ్యి."

"చించను సార్."

"కరస్పాండెంటు గారు చెప్పారు."

"నంబరు పడ్డ కాగితం సార్ ఇది. ఎవరు చెప్పినా చించను. మళ్ళీ రాయించనూ రాయించను. మీరు టీచర్లను తయారుచేసే మనిషి, వాళ్ళు రాసిన నిజాన్ని అబద్ధంగా ఎలా దిద్దారండీ?"

ఆయన "నాకూ సంసారం ఉందమ్మా," అని మెల్లగా జారుకున్నాడు. జాలేసింది ఆమెకు. జాలికీ చించడానికీ సంబంధం లేదనుకుంది.

అదే రోజు బీరువా తాళం తీసింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే హక్కు కాలేజీకి లేదని మండలి రాసిన సర్క్యులర్ మూడేళ్ళ నుంచి ఆ బీరువాలోనే, ఆ సర్టిఫికెట్ల పక్కనే పడుంది. ఒక్కొక్కరినే కిటికీ దగ్గరికి పిలిచింది. సంతకం తీసుకుని ఎవరివి వాళ్ళ చేతిలో పెట్టింది. తొమ్మిదో షరతు ముప్పై ఒక్కసార్లు చదివింది. గొంతు బొంగురుపోయింది.

కండక్టరు కూతురు కవరు గుండెలకు హత్తుకుని నిలబడింది. "మరి నేను ఇచ్చేసిన ఉత్తరం మేడమ్?"

"అది మంచి ఉత్తరం. ఉన్నది ఉన్నట్టు రాశావు. రెండోది రాయమంటే మాత్రం చచ్చినా రాయకు."

"మా అత్తగారు నిన్నటి నుంచి అన్నం తినలేదు."

"తినమని చెప్పు. నేను చెప్పానని చెప్పు."

ఇంట్లో భర్త, కుట్టు మిషన్లు బాగుచేసే మనిషి, సంగతి విని స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. "ఇంకా పదహారు నెలలు. కళ్ళు మూసుకుంటే రిటైరైపోతావు. నీకెందుకే ఈ గొడవ?"

"కళ్ళు మూసుకుంటే ముద్ర ఎక్కడ కొట్టానో కనపడదండీ."

ఆయన మళ్ళీ స్క్రూడ్రైవరు అందుకున్నాడు. పట్టిన పట్టు విడవదని ఆయనకు పెళ్ళైన వారానికే తెలుసు.

పదిరోజులకు, ఉన్నవాళ్ళ చదువు సాగుతోందో లేదో చూడ్డానికి మండలి నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు, ఒకావిడ, ఒకాయన. ప్రిన్సిపాల్ గదిలో కరస్పాండెంటు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఉత్తరాలు మళ్ళీ రాయించలేదన్న మాట ఆయన చెవిన వేసే ధైర్యం ప్రిన్సిపాల్‌కు లేకపోయింది. ఎర్రపెన్ను సంగతి అసలే చెప్పలేదు.

"అందరూ సొంత ఇష్టంతో మానేశారండీ. చేతిరాతతో ఇచ్చారు," అని కరస్పాండెంటు గుమ్మంవైపు తిరిగాడు. "ఏమ్మా, ఆ ఉత్తరాలు పట్రా."

పట్టుకొచ్చింది. కట్టా తెచ్చింది, రిజిస్టరూ తెచ్చింది, తేడా రాకుండా నంబర్ల వరసలో పేర్చి మండలి ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ మొదటిది చదివింది. రెండోది చదివింది. తర్వాత చదవకుండానే తిప్పుకుంటూ పోయింది, ప్రతి దాని మీదా ఎరుపే.

"ఈ దిద్దుబాట్లు ఎవరివి?"

కరస్పాండెంటు ప్రిన్సిపాల్‌ను చూశాడు. ఆయన తన వేళ్ళను చూసుకున్నాడు. "నావే," అన్నాడు. మాట స్పష్టంగా వచ్చింది.

"అప్పుడు మానేసింది ఎవరూ లేరన్నమాట," అని ఆవిడ కట్టను తన సంచిలో పెట్టుకుంది. "సోమవారం నుంచి క్లాసులు జరగాలి. లెక్చరర్లను పెట్టండి. మేం వచ్చి చూస్తాం."

వాళ్ళ కారు గేటు దాటగానే కరస్పాండెంటు ఒంటికాలి మీద లేచాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను తను ఉంచుకోనన్నాడు. రేపట్నుంచి ఆ కిటికీ దగ్గర కనపడ్డానికి వీల్లేదన్నాడు. ఆమె చేతులు కట్టుకుని అంతా విన్నది, తన తలకంటే గట్టి గోడ ఇంకా దొరకలేదన్నట్టు.

"నన్ను తీసెయ్యండి సార్, మీ ఇష్టం. వాళ్ళను తీసెయ్యలేరు," అంది.

సోమవారం పొద్దున ఆఫీసు గదికి కొత్త తాళం వేలాడుతోంది. సస్పెండు చేసినట్టు కాగితం శనివారమే ఇంటికొచ్చింది. అయినా ఆమె వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. వరండాలో కూర్చోకూడదని అందులో ఎక్కడా రాసిలేదు. ఒక్కొక్కరే గేటులోంచి వస్తుంటే వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిది దగ్గర ఆగింది. ఇంకో ఇద్దరు బస్సు తప్పిపోయి పరుగెత్తుకుంటూ వచ్చారు. వాళ్ళలో కండక్టరు కూతురొకతి.

తాళాన్నీ బెంచీనీ చూసి ఆ పిల్లకు అర్థమైపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా కోసం మీ ఉద్యోగం..."

"నా ఉద్యోగం సంగతి నేను తేల్చుకుంటాను. దానికీ మండలి ఉంది, కోర్టుంది, నాకు నోరుంది." ఆమె లేచి ఆ అమ్మాయి భుజం పట్టుకుని మెట్లవైపు తిప్పింది. "బెల్లు కొట్టేశారు. పైకెళ్ళు. ముందు బెంచీలో కూర్చో."