సగం గోలీ

విభజనల గురించి చరిత్రకారులు బోలెడు రాశారు. మన నల్లగొండ జిల్లాయే మూడు ముక్కలైంది. కానీ మిర్యాలగూడ అనసూయమ్మ అడకత్తెర చేసిన విభజనలను ఇంతవరకు ఒక్కరూ నమోదు చేయకపోవడం విచారకరం. యాభై ఏళ్లలో ఆమె ఏ వస్తువునూ మొత్తంగా నోట్లో వేసుకున్న దాఖలా లేదు. బిస్కెట్ కానీ, బజ్జీ కానీ, జ్వరం గోలీ కానీ రెండు ముక్కలు కావాల్సిందే. ఒకటి తనకు, రెండోది ఎదురుగా ఎవరుంటే వాళ్లకు. పాత అడకత్తెర కాబట్టి ముక్కలు ఎన్నడూ సమానంగా పడలేదు.

ఒకసారి నేరేడుచర్ల ఆటోలో, ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి చేతిలో వాంతుల గోలీ ముక్క పెట్టింది.

"నాకు వాంతులొస్తలేవమ్మా!"

"వొచ్చినంక ఏం లాభం? ఏస్కో."

భర్త దుర్గయ్య దీన్ని పిరికితనం కింద జమకట్టాడు. "సగం మింగితే సగమే సస్తనని దీని లెక్క" అని రైస్ మిల్లులో అందరికీ చెప్పేవాడు. యారాలు లత, అంటే దుర్గయ్య తమ్ముడి భార్య, కూడా అదే నమ్మింది.

లత భయం వేరు. తొంభై రెండు కిలోల ఆ మనిషికి నిద్రంటే భయం. వాళ్లమ్మ ఓ రాత్రి పడుకుని పొద్దున లేవలేదు. అప్పటినుంచి రెప్ప వాలితే లతకు గుండె దడ. అలాంటి లత చేతిలో, సూర్యాపేట దవాఖానలో డాక్టర్ వందన ఓ తెల్ల డబ్బా పెట్టింది.

"బరువు పెరిగిన ఆడవాళ్లకి ఒంట్లో పైకి కనపడని వాపు ఉంటుందమ్మా. మీ రక్తంలోనూ ఉంది. నిద్రకి వాడే మెలటోనిన్‌తో అది తగ్గుతుందేమో చూస్తున్నాం. కొందరికి మందు, కొందరికి మందులేని బిళ్ల. ఎవరికేదో మూడు నెలలదాకా మాకూ తెలీదు. ఇష్టమైతేనే ఈ పరిశోధనలో చేరండి" అంది కోదాడలో పెరిగిన ఆ డాక్టరమ్మ.

లతకు వద్దంటే వాపు, సరేనంటే నిద్ర. పైగా ఇచ్చేవాళ్లకే తెలియని గోలీ!

తోడొచ్చిన అనసూయమ్మ చెప్పులు విడిచి బరువు మిషనెక్కింది. "నన్నుగూడ రాస్కోండ్రి. ఎనభై ఆరున్న."

లతకు ముప్పై ఒకటో నంబరు డబ్బా, ఆమెకు ముప్పై రెండు. ఇంటికి రాగానే అడకత్తెర బయటికొచ్చింది.

"అక్కా, గీ గోలీ మింగితే మల్ల లేస్తనా?"

"నీ దాంట్ల ముక్క నాకు, నా దాంట్ల ముక్క నీకు. పోతే ఇద్దరం సగం సగం పోదాం. సగం సచ్చినోళ్లను డాక్టరమ్మనే లేపుతది."

మర్నాటి నుంచి కోడికంటే ముందే లత తలుపు మోగేది.

"లతా, ఉన్నవా?"

"ఉన్ననక్కా!"

రెండు వారాలకు జవాబు మారింది. "ఉన్న గని... జర పండనియ్యవా!"

మూడు నెలలు గడిచాయి. డాక్టరమ్మ ముందు ఇద్దరూ బిగుసుకుని కూర్చున్నారు.

"గోలీలు సరిగ్గా వేసుకున్నారా?"

"ఏసుకున్నం మేడం. ముక్కలు జేసి పంచుకున్నం" అంది లత.

డాక్టరమ్మ చేతిలోని పెన్ను కింద పడింది. అనసూయమ్మ లేచి నిలబడింది. "మేడం, దానికేం దెల్వది. కత్తెర నాది. పోలీసులను పిలిస్తే నన్నే పట్టియ్యుండ్రి."

"అసలు మీరెందుకు చేరారు? మీకూ నిద్ర పట్టదా?"

"నాకా? కూసున్నకాడనే కునుకుత. ఇదొక్కతే మింగదని..."

లత ఆమెవంక చూసింది. ఇన్నేళ్లూ చూసిందే, కానీ ఇప్పుడే కనపడింది. బజ్జీ తెగితే పెద్ద ముక్క లతకు వచ్చేది. ఈ మూడు నెలలూ గోలీ తెగితే పెద్ద ముక్క అనసూయమ్మ నోట్లోకి పోయేది.

"దొంగముఖమా!" అంది లత, మెల్లగా.

డాక్టరమ్మ నిట్టూర్చింది. "మీ ఇద్దరి లెక్కా తీసేయాల్సిందే. ఎవరిది అసలు మందో కాస్త ఆగండి, చెప్తాను." కంప్యూటర్‌లో జాబితా తెరిచింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

ముప్పై ఒకటి, ముప్పై రెండు. రెండూ మందులేని బిళ్లలే.