మూడు రాజులు పడేసిన నాయన

మా చిన్నప్పుడు మా ఇంట్లో పేక పట్టాలంటే ముందు గోడకు వేలాడే అట్టను పైకి చదవాలి... దాని మీద నాయన ఎర్ర పెన్నుతో మూడు ముక్కలాట రూల్సు రాశాడు. వేసిన గింజ వెనక్కి తీయకూడదు. ఒకరి ముక్కలు ఇంకొకరికి చెప్పకూడదు. మూడోది, ఆట వదులుకుని పడేసిన ముక్కలు ఎవరూ చూడకూడదు... చూసినవాళ్ళు ఓడినట్టే.

పాకాలలో ఎండాకాలం మధ్యాహ్నాలు... బయట కాలు పెడితే బొబ్బలెక్కేవి. నడవాలో గచ్చు మీద నాయన, నేను, తమ్ముడు చుట్టూ కూర్చునేవాళ్ళం. పందెమంతా చింతగింజలే. అమ్మ చింతపండు కొట్టినప్పుడల్లా మా డబ్బాలు నిండేవి.

తమ్ముడికి రూల్సు ఒంటబట్టేవి కావు. ఓడిపోతే పేకంతా చెదరగొట్టి మంచం కింద దూరేవాడు. నేను మాత్రం అట్ట చూడకుండా అన్నీ ఒప్పజెప్పేదాన్ని. రూలంటే మా పాపకే తెలుసని నాయన ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాటకు నేనెంత ఉబ్బిపోయేదాన్నో...

ఆ ఏడు సెలవులు అయిపోయేనాటికి మా ఇద్దరిలో ఎవరి డబ్బాలో గింజలు ఎక్కువుంటే వాళ్ళను మోపెడ్ మీద రేణిగుంట తీసుకుపోయి, విమానం దిగేది చూపిస్తానన్నాడు నాయన. ఒక్కరినే. అంత దూరం ఇద్దరిని ఎక్కించుకుని పోలేనన్నాడు. నేను విమానాన్ని ఆకాశంలో చుక్కంతగా మాత్రమే చూసినదాన్ని. దాని చక్రాలు చూడాలని ఒకటే పిచ్చి.

చివరి రోజు, చివరి ఆట... తమ్ముడికంటే నాకు దోసెడు గింజలు ఎక్కువున్నాయి. జాకీల జత కూడా వచ్చింది. కానీ నాయన గుప్పిళ్ళతో పందెం పెంచుతూ పోయాడు. ఆయన దగ్గర పెద్ద ముక్కలున్నాయని అర్థమై నేను పడేశాను. కుప్ప నాయనకు పోయినా ఫరవాలేదు, తమ్ముడికంటే నేనే ముందుంటాను కదా అనుకున్నాను.

నేను పడేసిన వెంటనే నాయన కూడా పడేశాడు. కుప్పంతా తమ్ముడిది, వాడి డబ్బా నాదాన్ని దాటిపోయింది.

వాడు ఎగిరి గంతులేస్తున్నాడు. పేక సర్దే పని ఎప్పుడూ నాదే. ఏరుతుంటే నాయన పడేసిన ముక్కలు చేతిలో తిరగబడ్డాయి... మూడూ రాజులే! మూడు ఆసులు వస్తే తప్ప వాటిని కొట్టేది లేదు. తమ్ముడి ముక్కలు చూస్తే ఏడు, నాలుగు, రెండు.

నోరు తెరవలేకపోయాను. తెరిస్తే మూడో రూలు తప్పినదాన్ని నేనే అవుతాను. మోసం చేసింది ఆయన... దొంగలా తలవంచుకుంది నేను. మరుసటి రోజు మోపెడ్ సందు తిరిగేదాకా గడపలో నిలబడి చూశాను. సాయంత్రం తమ్ముడు చేతులు చాచి ఇల్లంతా విమానమై తిరిగాడు. నాకు అన్నం సయించలేదు. నాయనను నమ్మినంత నేను ఇంకెవరినీ నమ్మలేదు మరి. ఆ తర్వాత ఆయనతో ఎన్నడూ పేక పట్టలేదు.

పోయిన నెల నాయన చిత్తూరులో మా ఇంటికొచ్చాడు. మా అమ్మాయికి ఫోన్లో పేకాట బాగా వచ్చు గానీ చేత్తో ముక్కలు పట్టడం రాదు. దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పిస్తూ, అదే మూడో రూలు చెప్పాడు. ఇక ఉండబట్టలేకపోయాను.

"ఆ పొద్దు మూడు రాజులు పెట్టుకోని ఎందుకు పడేసినావు నాయనా?"

ఆయన ముక్కలు కలపడం ఆపలేదు.

"వాడు చిన్నోడు, ఏడస్తాడు. నువ్వయితే అర్థం చేసుకుంటావనుకున్నా పాపా" అన్నాడు. తర్వాత తలెత్తి, "అయినా పడేసిన ముక్కలు నువ్వెట్ట సూసినావు?" అని అడిగాడు.

ఇన్నేళ్ళకు కూడా తప్పు నాదే అయింది చూడండి... నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు పేక ఫోన్లోకి పోయింది. ఎదుట ఆడేది ఎవరో తెలియదు, ఓడినా పోయేదేమీ లేదు. ఆ రోజుల్లో మోసపోయినా సొంత మనుషుల చేతుల్లోనే మోసపోయేవాళ్ళం... మిమ్మల్ని కూడా ఇట్లా "అర్థం చేసుకునే పిల్ల"ను చేసి ఆట ఓడించినవాళ్ళు ఉంటే కింద రాయండి, చదువుకుంటాను.

రేణిగుంట మీదుగా ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. విమానం దిగేది మాత్రం ఇంతవరకు ఆగి చూడలేదు...