తీగ కడుపు చూసిన అయివారు

మా సైన్సు అయివారు జ్వరంతో పోయారని సోమవారం ప్రార్థన అయ్యాక పెద్దయివారు చెప్పారు. బడికి సెలవిచ్చారు. ఎవరూ ఇంటికి పరుగెత్తలేదు.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. కోయిలకుంట్లలో మాకు నాలుగో ఫారం పాఠాలు చెప్పారు. బోర్డు మీద తప్పు పడితే కండువాతోనే తుడిచేవారు. జవాబు తెలియకపోతే "తెలీదు పాపా, రేపు చెప్తా" అనేవారు. మర్నాడు మరవకుండా చెప్పేవారు. 'నిల్వ' అనే మాట నాకు ఆయన వల్లే ఇష్టమైంది. ఆకు వండిన తిండిని తీగ తన కాడలో పిండిగా దాచుకుంటుందనీ, ఆ నిల్వతోనే మళ్లీ చిగురిస్తుందనీ విన్నాక, మా బావి దగ్గరి ఇరవై ద్రాక్ష తీగలు నాకు కొత్తగా కనిపించాయి.

నిరుడు ఆ తీగలు సరిగా కాయలేదు. మాకున్నది ఒక్క బండి ఎరువు. తీగలకు వేస్తే జొన్న చేనుకు ఉండదు. ఇంటిల్లిపాదీ తినేది ఆ జొన్నే. నాయన ఎటూ తేల్చుకోలేకపోతే నేనే అయివారిని పిలుచుకొచ్చాను.

ఒక్కో తీగ నుంచి కత్తిరించిన కాడను అడ్డంగా కోసి, ఆయన గాయాలకు పూసే టింక్చరు అయోడిన్ చుక్క వేశారు. నిల్వ ఉంటే నల్లబడాలి. ఒక్కటీ నల్లబడలేదు.

"తీగలకు గూడా మందు పూస్తాండారా అయివారూ? యాడ దెబ్బ తగిలిందో!" అన్నాడు నాయన.

"కడుపు చూస్తాండానప్పా. అన్నీ ఖాళీగా ఉండాయి. ఎరువంతా ఈటికే ఎయ్యి."

మర్నాడు పొద్దున్నే నాయన తీగల దగ్గర ఎరువు దించుతుంటే, అయివారు గట్టు మీద పరుగున వచ్చారు.

"ఆపప్పా! మందు పాతదైపోయింది. ఇంట్లో అన్నం మెతుకు మీద ఏస్తే అదీ నల్లబళ్లేదు. మెతుకులో పిండి లేకుండా పోతాదా?"

కాంపౌండరు దగ్గర కొత్త సీసా తెచ్చారు. మళ్లీ చూస్తే పదహారు కాడలు నల్లబడ్డాయి. నాలుగే పాలిపోయి ఉన్నాయి.

"ఆ మెతుకేదో నిన్ననే చూసుంటే నాకీ తిప్పలు తప్పిండేవి గదా!" అని నాయన నవ్వాడు.

"చూడకుండా చెప్పినా. తప్పు నాదే" అంటూ అయివారు పంచె ఎగగట్టి గంప అందుకున్నారు. వద్దన్నా వినలేదు. నాలుగు తీగలకూ చాలినంత ఉంచి, మిగిలిందంతా ముగ్గురం తిరిగి బండికెత్తాం.

ఆ వారం తరగతిలో తన తప్పును ఆయనే పాఠంగా చెప్పారు. ఈ ఏడు మా తీగలూ కాశాయి, జొన్నా ఇల్లు చేరింది. నా కళ్ల ముందు నిలిచింది మాత్రం ఆ పొద్దే. చేను దారిలో వాన తడి ఆరలేదు. నల్లరేగడిలో చక్రం దిగబడింది. నాయన ఎద్దులను అదిలిస్తుంటే, వెనక అయివారు బండికి భుజం ఆనించి, తెల్ల చొక్కా నిండా పేడ మరకలతో, నెడుతూ నడిచారు.